అమ్జీ మూర్: ఒక మాజీ సైనికుడి పెట్రోల్ బంకు మనకు చెప్పే పాఠం

(విశ్వవిద్యాలయంలో అంబేద్కరైట్ విద్యార్థుల అధ్యయన వేదిక నిర్వహించిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకిచ్చిన అంశం 'దళితులు, వ్యాపారం, నాయకత్వం'. ఈ మాట వినగానే మనలో రెండు రకాల స్పందనలు వస్తాయి. ఒకరు 'వ్యాపారంలోకి వెళ్తేనే మనకు విముక్తి' అంటారు. ఇంకొకరు 'నలుగురు కోటీశ్వరులు తయారైతే వాడకు ఒరిగేదేంటి' అంటారు. ఈ వాదన మన హాస్టల్ మెస్సులో ఎన్నిసార్లు జరిగిందో మీకు తెలుసు. నేనూ రెండు వైపులా వాదించాను. ఈ రోజు ఆ వాదన పక్కన పెట్టి ఒక మనిషి జీవితం చెప్తాను. ఆయన మన దేశం వాడు కాదు. అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ అనే చిన్న పట్టణంలో పెట్రోల్ బంకు నడిపిన నల్లజాతి మాజీ సైనికుడు. పేరు అమ్జీ మూర్.

నా పరిశోధన కోస్తా ఆంధ్రలోని దళిత మాజీ సైనికుల మీద. సైన్యం నుంచి తిరిగొచ్చాక వాళ్లు ఊళ్లో ఏం చేశారు, ఊరు వాళ్లని ఏం చేసింది అన్నది నా ప్రశ్న. దానికోసం చదువుతున్నప్పుడు చార్లెస్ పేన్ 1995లో రాసిన మిసిసిపి పోరాట చరిత్ర 'ఐ హావ్ గాట్ ద లైట్ ఆఫ్ ఫ్రీడమ్' నా చేతికొచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్ పేరు తెలిసినంతగా మనకు అమ్జీ మూర్ పేరు తెలియదు. ఆ పుస్తకంలో ఆయన గురించి చదువుతుంటే మాత్రం మా ఇంటి మనిషి ఒకాయన గుర్తొచ్చారు. ఆయన గురించి తర్వాత చెప్తాను.

మూర్ 1911 సెప్టెంబర్ 23న మిసిసిపిలో ఒక పత్తి ప్లాంటేషన్ మీద పుట్టాడు. అప్పటికి బానిసత్వం రద్దయి దాదాపు యాభై ఏళ్లు. భూమి మాత్రం తెల్ల దొరల చేతుల్లోనే ఉంది. నల్లవాళ్లు ఆ భూమిని పంటలో వాటాకి సాగుచేసేవాళ్లు. విత్తనం, ఎరువు, తిండిగింజలు అన్నీ దొర దగ్గర అప్పు. పంట చేతికొచ్చాక లెక్క రాసేది దొర. ఏడాది చివర ఇంకా బాకీ ఉన్నావనేవాడు. మన తాతల పాలేరుతనం కథలు విన్నవాళ్లకి ఈ లెక్కల పుస్తకం కొత్తగా వివరించక్కర్లేదు.

చిన్నప్పుడే తల్లి చనిపోయింది. ఎలాగో హైస్కూలు పూర్తిచేశాడు. 1935లో క్లీవ్‌లాండ్ పోస్టాఫీసులో స్వీపరు, కాపలా పని లాంటి ఉద్యోగం దొరికింది. చిన్న ఉద్యోగమే, కానీ అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఊరి దొరకి కోపమొస్తే పొలం పని మానిపించగలడు, పోస్టాఫీసు ఉద్యోగం అంత సులువుగా ఊడగొట్టలేడు. మన దగ్గర రైల్వేలో గ్యాంగ్‌మన్ ఉద్యోగమో, పోస్టుమన్ ఉద్యోగమో వచ్చిన మొదటి తరం దళితుడు పేటలో ఎందుకు తలెత్తుకుని నడవగలిగాడో, మూర్ కూడా అందుకే నడవగలిగాడు.

1942లో సైన్యంలోకి పిలుపొచ్చింది. ఆయన్ని పంపింది బర్మాకి. మన ప్రాంతానికి ఈ కథతో సంబంధం ఇక్కడే. అస్సాంలోని లేడో నుంచి బర్మా మీదుగా చైనా దాకా అమెరికన్లు వేసిన రోడ్డు మీద పనిచేసిన అమెరికా సైనికుల్లో ఎక్కువమంది నల్లవాళ్లే. ఆ రోజుల్లో అమెరికా సైన్యంలో నల్లవాళ్ల దళాలు వేరు, తెల్లవాళ్ల దళాలు వేరు. ఆ వేర్పాటును రద్దు చేస్తూ ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948లో, యుద్ధం ముగిసి మూడేళ్లయ్యాక. జపాన్ రేడియో దీన్నే పట్టుకుంది. మీ దేశంలో మీకు లేని స్వేచ్ఛ కోసం ఇక్కడెందుకు చస్తున్నారని నల్ల సైనికుల్ని అడిగేది. దానికి జవాబుగా నల్ల దళాలకి ఉపన్యాసాలు ఇచ్చే పని మూర్‌కి అప్పగించారు. ఈ యుద్ధంలో మనకు ఏం దక్కుతుందో చెప్పాలి. చెప్పాడు. చెప్తూ తనని తానే అడుగుకున్నాడు. ప్రపంచానికి స్వేచ్ఛ తెచ్చే సైనికుడికి ముందు స్వేచ్ఛ ఉండాలి కదా అని.

1946 మొదట్లో తిరిగొచ్చాడు. క్లీవ్‌లాండ్‌లో అప్పటికే తెల్లవాళ్లు 'హోంగార్డు' పేరుతో ఒక దళం కట్టి ఉన్నారు. ఎవరి నుంచి రక్షణ కోసం? యుద్ధం నుంచి ఇంటికొస్తున్న నల్ల సైనికుల నుంచి. తుపాకీ పట్టి, తెల్లవాడి మీద కాల్చడం నేర్చుకొచ్చిన నల్లవాడు ఊళ్లో మళ్లీ పాత నల్లవాడిగా ఉంటాడన్న నమ్మకం వాళ్లకి లేదు. అదే ఏడాది జులైలో అదే రాష్ట్రంలోని డికేటర్‌లో, నార్మండీలో పనిచేసి వచ్చిన మెడ్గర్ ఎవర్స్, ఆయన సోదరుడు, మరికొందరు నల్ల సైనికులు ఓటెయ్యడానికి వెళ్తే ఆయుధాలు పట్టుకున్న గుంపు అడ్డుకుని వెనక్కి పంపింది.

ఇంకో లెక్క చెప్తాను. యుద్ధం చేసినవాళ్లకి చదువు, ఇల్లు, వ్యాపారం కోసం ప్రభుత్వం పూచీకత్తుతో రుణాలిచ్చే జీఐ బిల్ అనే చట్టం 1944లో వచ్చింది. అమెరికా మధ్యతరగతిని తయారుచేసిన చట్టంగా దానికి పేరు. 1947లో మిసిసిపిలోని 13 పట్టణాల్లో ఎవరికెన్ని రుణాలు దక్కాయో ఎబొనీ పత్రిక సర్వే చేసింది. ఇళ్లు, వ్యాపారాలు, పొలాల కోసం ఇచ్చిన రుణాలు 3,229. అందులో నల్ల సైనికులకి దక్కినవి 2. చట్టంలో ఎక్కడా 'నల్లవాళ్లకి ఇవ్వొద్దు' అని లేదు. రుణం మంజూరు చెయ్యాల్సింది మాత్రం ఊళ్లోని బ్యాంకు. బ్యాంకు ఎవరిదో చెప్పక్కర్లేదు. కాగితం మీద అందరికీ ఉన్న హక్కు, ఊరి కౌంటర్ దగ్గరికొచ్చేసరికి ఎలా ఆవిరవుతుందో అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

మిత్రులారా, మూర్ మొదటినుంచీ ఉద్యమకారుడేం కాదు. ఆయన తొలి ఆలోచన డబ్బు సంపాదించాలన్నదే. పట్టణంలో ఇటుకలతో మంచి ఇల్లు కట్టుకున్నాడు. కష్టపడితే, పొదుపు చేస్తే, నాలుగు డబ్బులుంటే తెల్లవాడు కూడా గౌరవిస్తాడనుకున్నాడు. ఒక చలికాలం ఒక కుటుంబాన్ని చూశాడు. పద్నాలుగు మంది పిల్లలు. నడుము కింద బట్టలేదు. మంచం లేదు, తిండి లేదు. చలి కాచుకోవడానికి పత్తి కట్టెలు తగలబెట్టుకుంటున్నారు. ఇది చూశాక ఒక్కడినే ధనవంతుణ్ణి కావాలనుకోవడం పాపంలా అనిపించిందని తర్వాత చెప్పుకున్నాడు. వ్యాపారం మాత్రం మానలేదు. వ్యాపారం దేనికోసం అన్నది మారింది.

1951 చివర్లో డాక్టర్ టి.ఆర్.ఎం. హోవార్డ్ నాయకత్వంలో క్లీవ్‌లాండ్‌లో రీజినల్ కౌన్సిల్ ఆఫ్ నీగ్రో లీడర్‌షిప్ అనే సంస్థ పుట్టింది. దాన్ని నిలబెట్టినవాళ్లలో మూర్ ఒకడు. అందులో ఎవరున్నారో చూడండి. హోవార్డ్ సర్జన్, ఇన్సూరెన్స్ కంపెనీ యజమాని. మెడ్గర్ ఎవర్స్ ఆ కంపెనీలో ఏజెంటు. ఆరన్ హెన్రీ క్లార్క్స్‌డేల్‌లో మందుల షాపు యజమాని, ఆయనా మాజీ సైనికుడే. అంటే తెల్ల దొర జీతం మీద బతకనివాళ్లు. టీచర్లు తక్కువ, ఎందుకంటే వాళ్ల ఉద్యోగం తెల్ల స్కూలు బోర్డు చేతిలో ఉంది. ఎవరు నోరు విప్పగలరన్నది ధైర్యం ఒక్కటే తేల్చే విషయం కాదు. నెలాఖరున జీతం ఎవరి చేతి నుంచి వస్తుందన్నది కూడా తేలుస్తుంది.

ఆ సంస్థ 1952లో చేపట్టిన మొదటి పెద్ద ఉద్యమం టాయిలెట్ గురించి. హైవే మీద పెట్రోల్ బంకులు నల్లవాళ్ల డబ్బు తీసుకునేవి, టాయిలెట్ వాడనిచ్చేవి కావు. 'టాయిలెట్ వాడనివ్వని చోట పెట్రోలు కొట్టించొద్దు' అని కార్ల వెనక అంటించుకునే స్టిక్కర్లు వేలల్లో పంచారు. చాలా బంకులు దిగొచ్చి నల్లవాళ్లకి టాయిలెట్లు కట్టాయి. వేరేవే కట్టాయి, కలిపి కాదు. ఇంత చిన్న కోరికా అని మనకు అనిపించవచ్చు. పిల్లల్తో, ఆడవాళ్లతో వంద మైళ్లు ప్రయాణం చేసే కుటుంబానికి అది చిన్న విషయం కాదు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ అడిగింది కూడా నీళ్లే కదా.

మూర్ ఒక అడుగు ముందుకేశాడు. 61వ నంబరు హైవే మీద తనే బంకు పెట్టాడు. దానికి ఆనుకుని ఒక కేఫే, ఒక బ్యూటీ షాపు. నల్లవాళ్లు ఆగి, తిని, టాయిలెట్‌కి వెళ్లి, నిమ్మళంగా కూర్చోగల చోటు ఆ దారిలో బహు అరుదు. మామూలుగా ఏ బంకులోనైనా 'తెల్లవాళ్లకు', 'కలర్డ్' అని బోర్డులుండాలి. మూర్ పెట్టలేదు. పెట్టమని ఒత్తిడి తెచ్చారు. పెట్టనన్నాడు. తన సొంత స్థలంలో, తన సొంత డబ్బుతో కట్టిన తలుపు మీద తనను అవమానించే అక్షరాలు తానే రాయనన్నాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడేది ఇదే. సొంత వ్యాపారం ఆయనకిచ్చిన అధికారం లాభం లెక్కల్లో లేదు, ఆ రాయని బోర్డులో ఉంది.

దీని ధరేంటో వెంటనే తెలిసింది. 1954 మే నెలలో స్కూళ్లలో వర్ణ వేర్పాటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జులైలో క్లీవ్‌లాండ్‌కి దగ్గర్లోనే ఉన్న ఇండియనోలాలో తెల్లవాళ్లు సిటిజన్స్ కౌన్సిల్ పెట్టారు. దాన్ని పెట్టిన రాబర్ట్ ప్యాటర్సన్ కూడా రెండో ప్రపంచ యుద్ధ సైనికుడే, పారాట్రూపర్. ఒకే జెండా కింద ఇద్దరూ యుద్ధం చేశారు. తిరిగొచ్చాక ఒకడు ఓటు కోసం, ఇంకొకడు ఆ ఓటు రాకుండా చూడ్డం కోసం నిలబడ్డారు. సైన్యంలో పనిచేస్తే మనిషి కులమూ జాతీ మర్చిపోతాడని మనకి చెప్పే కథలు విన్నప్పుడల్లా నాకు ఈ ఇద్దరూ గుర్తొస్తారు.

సిటిజన్స్ కౌన్సిల్‌లో ఉన్నది బ్యాంకర్లు, ప్లాంటర్లు, వ్యాపారులు, లాయర్లు. వాళ్ల ఆయుధం లెక్కల పుస్తకం. ఓటు నమోదుకి వెళ్లిన నల్లవాడి అప్పు వెంటనే కట్టమంటారు. తనఖా గడువు పెంచరు. హోల్‌సేలర్ సరుకు ఆపుతాడు. దొర ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు. 1955లో యాజూ సిటీలో స్కూళ్లలో వేర్పాటు ఎత్తెయ్యమని 53 మంది నల్లవాళ్లు సంతకాలు చేశారు. కౌన్సిల్ వాళ్ల పేర్లన్నీ పత్రికలో ప్రకటనగా వేసింది. ఉద్యోగాలు పోయాయి, కొట్లలో సరుకు ఇవ్వడం మానేశారు. దాదాపు అందరూ సంతకాలు వెనక్కి తీసుకున్నారు. తీసుకున్నా పోయిన పని తిరిగి రాలేదు. బెల్జోనీలో ఓటు నమోదు చేయించిన పాస్టర్ జార్జ్ లీని ఆ ఏడాది మేలో కాల్చి చంపారు. ఆయన తోడుగా పనిచేసిన కిరాణా వ్యాపారి గస్ కోర్ట్స్‌ని నవంబర్‌లో కాల్చారు. బతికి, రాష్ట్రం వదిలి షికాగో వెళ్లిపోయాడు. ఎవరికీ శిక్ష పడలేదు.

మూర్ అప్పుల మీద ఒత్తిడి మొదలైంది. పోస్టాఫీసులో పని గంటలు తగ్గించారు. అయినా 1955లో నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖకి ఆయనే అధ్యక్షుడు.

దీనికి మన భాషలో పేరుంది. సాంఘిక బహిష్కరణ. 1928లో బొంబాయి ప్రభుత్వం వేసిన స్టార్ట్ కమిటీలో బాబాసాహెబ్ సభ్యుడు. ఆ కమిటీ 1930లో ఇచ్చిన నివేదిక ఈ ఆయుధాన్ని వివరంగా రాసింది. పనికి పిలవకపోవడం, సరుకు అమ్మకపోవడం, దారి మూసెయ్యడం. హక్కు అడిగిన అంటరానివాడి మీద ఊరు వాడే ఆయుధాల్లో ఇంతకంటే పదునైనది లేదని బాబాసాహెబ్‌కి తెలుసు. అందుకే రౌండ్ టేబుల్ సమావేశం ముందు పెట్టిన డిమాండ్లలో బహిష్కరణని నేరం చెయ్యాలన్నది ఒకటి. దాని ముసాయిదాని ఆయన ఎక్కడి నుంచి తీసుకున్నాడో తెలుసా? 1922 నాటి బర్మా యాంటీ-బాయ్‌కాట్ చట్టం నుంచి, కొద్ది మార్పులతో. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కూడా దాన్ని పెట్టాడు. చివరికి మనకి అది స్పష్టంగా దక్కింది 2015లో, అట్రాసిటీ చట్టానికి చేసిన సవరణలో. సామాజిక, ఆర్థిక బహిష్కరణ విధించడం, విధిస్తామని బెదిరించడం 2016 జనవరి 26 నుంచి ఆ చట్టం కింద నేరం. అడిగిన దగ్గర్నుంచి దక్కేదాకా ఎనభై ఏళ్లకు పైగా.

ఇప్పుడు మా ఇంటి మనిషి గురించి చెప్తాను. మా పెదనాన్న సైన్యంలో ఇరవై రెండేళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యారు. వచ్చిన డబ్బుతో మా పేట మొదట్లో, ఊరికీ పేటకీ మధ్య రోడ్డు మీద కిరాణా కొట్టు పెట్టారు. కొట్టు ముందు రెండు సిమెంటు బల్లలు. పేపరు వేయించేవారు. నాకు తెలుగు పేపరు చదవడం వచ్చింది ఆ బల్ల మీదే. ఊళ్లోవాళ్లు కూడా కొనేవాళ్లు. బల్ల మీద మాత్రం కూర్చునేవాళ్లు కాదు, నిలబడి తీసుకుని వెళ్లేవాళ్లు. ఒకసారి మా పేట కుర్రాళ్లని కొట్టిన కేసులో ఆయన పిల్లలతో కలిసి స్టేషన్‌కి వెళ్లి సాక్షి సంతకం చేశారు. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ కేకలెయ్యలేదు. ఎవరూ చెయ్యి కూడా ఎత్తలేదు. టౌన్‌లో సరుకిచ్చే షావుకారు అరువు కుదరదన్నాడు. ఊళ్లోవాళ్లు రావడం మానేశారు. వాళ్ల పొలాల్లో పనికెళ్లే మా వాళ్లు కూడా పగటిపూట రావడం మానేసి చీకటి పడ్డాక రావడం మొదలుపెట్టారు. ఏడాదిన్నరకి కొట్టు మూసేశారు.

ఫీల్డ్‌వర్క్‌లో భాగంగా మా పెదనాన్ననే ఇంటర్వ్యూ చేశాను. షావుకారు మీద ఆయనకి పెద్ద కోపం లేదు. 'వాడి వ్యాపారం వాడిదమ్మా' అన్నారు. 'మనవాళ్లు చీకట్లో వచ్చేవాళ్లు చూడు, అది కష్టమనిపించింది. వాళ్లనీ అనలేం. పొద్దున లేస్తే ఆ పొలానికే పోవాలి' అన్నారు. రికార్డర్ ఆపాక ఇంకో మాట అడిగారు. 'నువ్వప్పుడు యూనివర్సిటీలోనే ఉన్నావు కదా?' అని. అవును, ఉన్నాను. ఆ రోజుల్లోనే దళిత ఆర్థిక స్వావలంబన మీద సెమినార్ పేపరు రాశాను, సర్టిఫికెట్టు కూడా ఉంది. ఫెలోషిప్పు వస్తోంది. కొట్టుకి నెలకి సరుకు ఎంతవుతుందని ఒక్కసారీ అడగలేదు. అడగాలని తోచలేదు. ఇది ఇక్కడ చెప్పడం సులువు కాదు, కానీ చెప్పకపోతే మూర్ గురించి మాట్లాడే అర్హత నాకుండదు.

ఎందుకంటే మూర్ బంకుకీ, మా పెదనాన్న కొట్టుకీ తేడా ధైర్యంలో లేదు. తేడా ఇంకోచోట ఉంది. 1946లో మెంఫిస్‌లో నల్లవాళ్లే పెట్టుకున్న ట్రై-స్టేట్ బ్యాంకు ఉంది. మిసిసిపిలో తెల్ల బ్యాంకులు అప్పులు బిగించగానే హోవార్డ్, ఎన్‌ఏఏసీపీ కలిసి దేశంలోని నల్లజాతి సంఘాల్ని, చర్చిల్ని, వ్యాపారుల్ని ఒకటే అడిగారు. మీ డబ్బు తీసుకొచ్చి ఈ బ్యాంకులో డిపాజిట్ చెయ్యండి, విరాళం అక్కర్లేదు అన్నారు. ఆ డిపాజిట్లతో బహిష్కరణకి గురైనవాళ్లకి అప్పులిచ్చారు. 1956లో న్యూయార్క్‌లో ఎల్లా బేకర్, బయార్డ్ రస్టిన్, స్టాన్లీ లెవిసన్ కలిసి 'ఇన్ ఫ్రెండ్‌షిప్' అనే సహాయ సంస్థ పెట్టారు. మూర్ బాకీలు తీర్చి బంకు చేజారకుండా చూడ్డానికి ఇలాంటి చేతులు పనిచేశాయి. ఆయన అప్పుల్లోంచి పూర్తిగా బయటపడలేదు. కానీ బంకు నిలబడింది.

1955 ఆగస్టులో షికాగో నుంచి చుట్టాలింటికొచ్చిన పద్నాలుగేళ్ల ఎమ్మెట్ టిల్‌ని తెల్లవాళ్లు చంపి నదిలో పడేశారు. సాక్ష్యం చెప్పాల్సినవాళ్లు ప్లాంటేషన్ల మీద బతికేవాళ్లు. వాళ్ల దగ్గరికి కోటు తొడుక్కుని వెళ్తే దొరకి తెలిసిపోతుంది. మూర్, ఎవర్స్, మరికొందరు పత్తి కూలీల బట్టలేసుకుని పొలాల్లో తిరిగి సాక్షుల్ని వెతికారు. అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ హంతకుల్ని నిర్దోషులంది. తీర్పొచ్చింది సెప్టెంబర్ 23న. ఆ రోజు మూర్‌కి 44 ఏళ్లు నిండాయి. కొన్ని నెలల్లో హోవార్డ్ కూడా షికాగో వెళ్లిపోయాడు. మూర్ వెళ్లలేదు. రాత్రిళ్లు ఇంటి చుట్టూ ఫ్లడ్‌లైట్లు వేసుకుని, తుపాకీ దగ్గర పెట్టుకుని కాపలా కాసుకున్నాడు.

1960 వేసవిలో న్యూయార్క్ నుంచి బాబ్ మోజెస్ అనే యువ లెక్కల టీచరు వచ్చాడు. హార్వర్డ్‌లో చదివినవాడు. విద్యార్థుల సంస్థ ఎస్‌ఎన్‌సీసీ తరఫున, ఎల్లా బేకర్ ఇచ్చిన పరిచయంతో వచ్చాడు. ఆ ఏడాది విద్యార్థులు దేశమంతా హోటళ్ల కౌంటర్ల దగ్గర కూర్చుని ఉద్యమం చేస్తున్నారు. మూర్ ఆ కుర్రాడికి ఓటర్ల లెక్కలు చూపించి, ఇక్కడ కావాల్సింది ఓటని చెప్పాడు. జనాభాలో మనమే ఎక్కువ, జాబితాలో మనం లేము, పిల్లల్ని పంపించండి, ఇంటింటికీ తిరిగి నమోదు చేయిద్దాం అన్నాడు. మిసిసిపిలో విద్యార్థుల ఓటు ఉద్యమానికి దారి వేసింది ఒక పోస్టాఫీసు స్వీపరు, బంకు యజమాని. హార్వర్డ్ కుర్రాడు ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. మనం రీసెర్చ్ స్కాలర్లం ఫీల్డ్‌కి వెళ్లేటప్పుడు ఈ దృశ్యాన్ని గుర్తుపెట్టుకోవాలి.

తర్వాతి నాలుగేళ్లు మూర్ ఇల్లు ఉద్యమానికి సత్రం. ఎవరొచ్చినా అక్కడ పడుకోవడం, తినడం. 1962 ఆగస్టు 31న పక్కనే ఉన్న రూల్‌విల్ నుంచి 18 మంది బస్సులో ఓటు నమోదుకి ఇండియనోలా వెళ్లారు. అందులో ఫానీ లూ హామర్ ఒకరు. అదే రోజు ఆమెను ప్లాంటేషన్ నుంచి వెళ్లగొట్టారు. మళ్లీ అదే ఆయుధం. కానీ ఈసారి వెళ్లగొట్టినవాళ్లు ఎక్కడికెళ్లాలో, ఎవరు తిండి పెట్టాలో చూసుకునే మనుషులున్నారు. 1964లో మిసిసిపిలో ఓటు హక్కు వయసున్న నల్లవాళ్లలో జాబితాలో ఉన్నది 6.7 శాతం. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చింది. 1967కి అది 59.8 శాతం. తర్వాత మూర్ పేద పిల్లల బడుల కోసం, పేదల ఇళ్ల కోసం పనిచేశాడు. 1982 ఫిబ్రవరి 1న చనిపోయాడు. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

మళ్లీ మన వాదన దగ్గరికొద్దాం. 2002లో భోపాల్ డిక్లరేషన్ ప్రభుత్వ కొనుగోళ్లలో దళితులకి వాటా అడిగింది. 2005లో పుణెలో డిక్కీ పుట్టింది. 2012 విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వ శాఖలు ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి 4 శాతం కొనాలి. పెట్రోల్ బంకుల డీలర్‌షిప్పుల్లో మనకీ, సైనికులకీ కోటా ఉంది. ఇవన్నీ అడిగి సాధించుకున్నవే, వదులుకోవద్దు. అదే సమయంలో 1938లో మన్మాడ్‌లో రైల్వే కార్మికులతో బాబాసాహెబ్ బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీవిధానం రెండూ శత్రువులేనని చెప్పిన సంగతీ మర్చిపోవద్దు. మూర్ జీవితం ఈ రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోమనదు. ఒక ప్రశ్న అడుగుతుంది. మనవాడు ఒకడు కొట్టు పెట్టుకున్నాడు, బోర్డు రాయనన్నాడు, లేదా సాక్షి సంతకం చేశాడు. మర్నాడు సరుకు ఆగింది. అప్పుడు ఎవరున్నారు?

చట్టం ఉంది, వాడాలి. కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది, సరుకు మాత్రం సోమవారానికి కావాలి. ఆ మధ్యకాలాన్ని నింపేది ఏదో ఒకటి మన దగ్గర ఉండాలి. ఈ హాల్లో దాదాపు వందమందిమి ఉన్నాం. ఫెలోషిప్పులు ఆలస్యమవుతాయి, ఇళ్లకి పంపాలి, నాకు తెలుసు. అయినా ఈ వేదిక తరఫున ఒక ఉమ్మడి ఖాతా తెరుద్దామని నా ప్రతిపాదన. నెలకి ఇంతని వేద్దాం. విరాళంగా కాదు, తిరిగి రావాల్సిన అప్పుగానే ఇద్దాం. సంతకం చేసినందుకు పని పోయిన, సరుకు ఆగిన మనిషికి మొదటి మూడు నెలలు నిలబడేంత. మన సెమినార్ పేపర్లతో పాటు ఆ ఖాతా లెక్క కూడా ఏడాదికోసారి ఈ వేదిక మీద చదువుదాం.

మా పెదనాన్న కొట్టు ఇప్పుడు లేదు. షట్టర్ తుప్పు పట్టింది. బల్లలు మాత్రం ఉన్నాయి. సాయంత్రం పూట పేట పిల్లలు వాటి మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. పోయిన నెల వెళ్లినప్పుడు ఆయన్ని అడిగాను, మళ్లీ తెరవాలంటే సరుకుకి ఎంతవుతుందని. ఆయన నవ్వి, ముందు కాగితం పెన్నూ తెమ్మన్నారు. ఆ కాగితం నా దగ్గరుంది. సమావేశం అయ్యాక చూపిస్తాను.

జై భీమ్.